తూర్పు తీరాన మరో సముద్రం

మన సంస్థ కుటుంబాలలో ముంబాయి చూడనివారు తక్కువ. శిక్షణ కొరకో, సమావేశానికో, బదిలీ మీదనో, ఎల్‌.టి.సి. మీదనో ఆ నగరానికి వెళ్లి వచ్చినవారే ఎక్కువమంది. అక్కడ సముద్రాన్ని ఎక్కడ చూశారని అడిగితే మెరీన్ డ్రైవ్ అంటారు, జుహూ అంటారు, హాజీ అలీ అంటారు. ఇవన్నీ పడమటి తీరంలోనివి. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర తప్ప తూర్పు తీరాన్ని చూచినవారు మాకు అరుదుగా తారసపడినారు. ఆ నగరానికి అన్నం పెట్టి పెద్దచేసినది మాత్రం తూర్పు తీరమే. కొలాబాలోని ససూన్ డాక్ నుంచి ఉత్తరాన వడాలా దాకా ఆ తీరం పొడుగునా ప్రహరీలు, గేట్లు, గోదాములు, తుప్పుపట్టిన రైలు పట్టాలు, పాసు అడిగే కాపలాదారులు. గోడకు ఇవతల జీవితమంతా గడిపిన ముంబాయివాసులలో సైతం, అవతల నీరున్నదన్న ధ్యాస లేనివారు ఎందరో ఉన్నారు.

మేము విశాఖ తీరాన పుట్టి పెరిగినవారము. సివిల్ ఇంజనీరింగు చదివి, సంస్థలో చేరి, 1990ల మధ్యకాలంలో ఒకమారు, 2016 తరువాత మరొకమారు ముంబాయిలో పనిచేశాము. రెండవ దఫా అక్కడ ఉన్న కాలంలోనే, ఓడరేవుకు ఇక అంతగా అవసరం లేని భూములను నగరానికి ఎట్లా ఉపయోగపెట్టాలన్న ప్రణాళిక బహిరంగ చర్చకు వచ్చింది. రే రోడ్డు సమీపంలో మన సంస్థకు ఓడరేవు స్థలంలో లీజుకు తీసుకొన్న ఒక పాత గోదాము ఉండేది. కాబట్టి ముసాయిదాను చదివి అభిప్రాయం తయారుచేసే పనిని మా కార్యాలయం నలుగురు ఇంజనీర్లకు అప్పగించింది. ఆ నలుగురిలో మేమొకరము. ఆ ఆరు వారాల పనిలో చూచినవి, అప్పటినుంచి ఆలోచిస్తూ వచ్చినవి మన పాఠకులతో పంచుకొనాలని ఈ వ్యాసం.

ముందుగా నీటి సంగతి. విశాఖలో పెద్ద పోటు రోజున కూడా ఆటుకూ పోటుకూ మధ్య తేడా ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ముంబాయిలో అమావాస్య, పూర్ణిమలకు ఆ తేడా నాలుగు మీటర్లను దాటిపోతుంది. మొదటిసారి బదిలీ మీద వెళ్లినప్పుడు, ఉదయం పడవలు తేలుతూ కనిపించిన చోటనే మధ్యాహ్నం అవి బురదలో పక్కకు ఒరిగి ఉండడం చూసి మేము ఆశ్చర్యపోయాము. తూర్పు తీరపు కథ యావత్తూ ఈ నాలుగు మీటర్లలోనే ఉన్నది. ఓడ కింద నీరు దిగిపోతూ ఉంటే సరకు దించడం కష్టం. అందువల్ల పోటు సమయంలో ఓడను లోపలికి రానిచ్చి, తలుపులు మూసి, నీటిని లోపలే పట్టి ఉంచే డాకులను కట్టవలసి వచ్చింది. 1873లో బొంబాయి పోర్టు ట్రస్టు ఏర్పడింది. 1875లో ససూన్ డాక్, 1880లో ప్రిన్సెస్ డాక్, ఆ తరువాత విక్టోరియా డాక్, 1914లో అలెగ్జాండ్రా డాక్ వచ్చాయి. ఈ చివరిదే నేటి ఇందిరా డాక్. దానిని తవ్వగా వచ్చిన మట్టితో పక్కనే సముద్రాన్ని పూడ్చి 22 ఎకరాల బల్లార్డ్ ఎస్టేటును తయారుచేశారు. నేడు మనవాళ్లు అక్కడి కార్యాలయాల మెట్లెక్కేటప్పుడు, ఓడల కోసం తవ్వి తీసిన మట్టి మీదనే నడుస్తున్నారన్నమాట. ఒకచోట తవ్వినదాన్ని పక్కచోట పోసి రెండు పనులూ నెరవేర్చుకొనే ఆ లెక్క చూస్తే ఏ సివిల్ ఇంజనీరుకైనా ముచ్చట వేస్తుంది.

ఈ డాకులకూ మనకూ మరొక సంబంధం ఉన్నది. ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14న మన కర్మాగారాలలో అగ్నిమాపక సేవా దినం జరుపుకొంటాము, ఆ వారమంతా ప్రదర్శనలు, పోటీలు నిర్వహిస్తాము. ఆ తేదీ ఎందుకు వచ్చినదో మన పిల్లలలో చాలామందికి తెలియదు. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో నిలిచిన ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో ప్రత్తి బేళ్లకు నిప్పంటుకొన్నది. అదే ఓడలో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. రెండు పెద్ద పేలుళ్లలో డాకులు ధ్వంసమైనాయి, వందలాది మంది మరణించారు, మంటలార్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో 60 మందికి పైగా తిరిగి రాలేదు. ఆ ఓడలోని బంగారు కడ్డీలు కొన్ని ఏళ్లు గడిచాక కూడా పూడిక తీసేటప్పుడు బయటపడ్డాయి. ఆ రెండు పాత డాకులు నేడు లేవు. కంటెయినర్లు పేర్చే స్థలం కోసం ఈ శతాబ్దంలో వాటిని పూడ్చివేశారు. ఏ కంటెయినర్ల పథకం కోసం పూడ్చారో అది అనుకొన్నట్లు సాగనూ లేదు. లండన్‌లో కూడా రేవు పని దిగువకు తరలిపోయిన తరువాత 1981 నుంచి 1998 దాకా ఒక ప్రత్యేక సంస్థ పాత డాకుల ప్రాంతాన్ని తిరిగి నిర్మించింది. అక్కడ అద్దాల మేడలు లేచాయి, పాత నివాసులకు వాటిలో దక్కిన ఉద్యోగాలు కొద్దే అన్న విమర్శా వచ్చింది. కానీ డాకుల నీటిని చాలవరకు నీటిగానే ఉంచారు. ఒకసారి పూడ్చిన నీటిని మళ్లీ తవ్వి తీయడం ఎంత ఖర్చో ఇంజనీర్లకు చెప్పనక్కరలేదు. ప్రిన్సెస్, విక్టోరియా డాకులు పోవడం ముంబాయికి పెద్ద నష్టమనే మా నమ్మకం.

ఓడరేవు నగరం నుంచి ఎందుకు తరలిపోతుంది? బస్తాలుగా, బేళ్లుగా సరకు వచ్చిన రోజుల్లో ఓడ రోజుల తరబడి నిలిచేది. హమాలీలు మోసి పక్క గోదాములో వేసేవారు. అక్కడినుంచి రైలులో సరకు ఊళ్లకు పోయేది. అందువల్ల రేవు పక్కన గోదాము, గోదాము పక్కన పట్టా, పట్టా పక్కన కూలివాని గుడిసె ఏర్పడ్డాయి. కంటెయినర్ వచ్చాక గోదాముతో పని తగ్గింది. కావలసినది లోతైన నీరు, వెనుక విశాలమైన ఖాళీ నేల, రాత్రింబవళ్లు ట్రక్కులు తిరగగల దారి. ఇవి మూడూ పాత నగరం నడిబొడ్డున దొరకవు. 1989లో ఎదురుగట్టున న్హావా శేవాలో జవహర్‌లాల్ నెహ్రూ రేవు ప్రారంభమైనప్పటినుంచి కంటెయినర్లు క్రమక్రమంగా అటు మళ్లాయి. అంతమాత్రాన పాత రేవు చచ్చిపోలేదు. జవహర్ ద్వీపంలోనూ, పీర్ పావులోనూ దిగే చమురు దాని సరకులో సగానికి పైగా ఉంటుంది. మాహుల్‌లోని రిఫైనరీలలో పనిచేసిన మన మిత్రులకు ఇది తెలిసిన విషయమే.

సుమారు 1,800 ఎకరాలు ఓడరేవు చేతిలో ఉన్నాయని లెక్క. 2014లో కేంద్ర ప్రభుత్వం ఈ భూముల వినియోగంపై రాణీ జాధవ్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. 2018లో ఓడరేవు సంస్థకే ఆ ప్రాంతానికి ప్రత్యేక ప్రణాళికా అధికారం లభించింది. ఆ సంవత్సరాంతాన ముసాయిదాను ప్రకటించి సూచనలు, అభ్యంతరాలు కోరారు. అందులో పెద్ద ఉద్యానవనం, తీరం వెంట నడకదారి, క్రూయిజ్ టెర్మినల్, వాణిజ్య భవనాలు ఉన్నాయి. పటాలు రంగురంగులుగా, చూడముచ్చటగా ఉన్నాయి. మేము నలుగురమూ వాటిని బల్ల మీద పరచి రెండు రోజులు చదివాము. మూడవ రోజున మాలో పెద్దవారైన ఒక సహోద్యోగి, "కాగితం చాలు, ఇక నడుద్దాం పదండి" అన్నారు.

భావూచా ధక్కాకు తెల్లవారుజామున నాలుగున్నరకు చేరాము. ఫెర్రీ వార్ఫ్ అని దాని అధికారిక నామం. ఆ వేళకే వందలాది పడవలు ఒకదాని పక్కన ఒకటి ఒరిగి నిలిచాయి. చేపల బుట్టలు ఒక చేతి నుంచి మరొక చేతికి గాలిలో ఎగురుతూ గట్టుకు వస్తున్నాయి. గట్టు మీద ఐసు దంచే చప్పుడు, వేలంపాటల కేకలు. బేరమాడేవారిలో కోలీ స్త్రీలదే పైచేయి. అక్కడే, అదే గట్టుకు మరొక కొసన, ఉరణ్ వైపు మోరా రేవుకు వెళ్లే లాంచీలో ఆఫీసు సంచులు పట్టుకొన్న గుమాస్తాలు ఎక్కుతున్నారు. ముసాయిదా పటంలో ఈ మొత్తం చోటు అంగుళమైనా లేదు. మేము చేతిగడియారం చూసుకొని ఒక గంటలో గట్టు దాటిన బుట్టలను లెక్కించ ప్రయత్నించాము. నాలుగు వందలు దాటాక లెక్క తప్పిపోయింది.

అక్కడినుంచి దారూఖానా వెళ్లాము. దారు అంటే మరాఠీలో మందుగుండు. ఒకప్పుడు మందుగుండు నిలువచేసిన చోటు కాబట్టి ఆ పేరు. ఆ చుట్టుపక్కల అన్నీ బందర్లే: లకడీ బందర్, కోల్ బందర్, హే బందర్. కట్టెలు, బొగ్గు, గుర్రాలకు గడ్డి దిగిన రేవులన్నమాట. మచిలీపట్నాన్ని బందరు అని పిలుచుకొనే మనకు ఈ పేర్లు పరాయివిగా తోచవు. ఇప్పుడు అక్కడ దిగేది పాత ఓడలే. పోటు సమయంలో ఓడను వీలైనంత గట్టు మీదికి లాగుతారు, ఆటు రాగానే గ్యాసు కట్టర్లతో కోస్తారు. ఓడలోని ప్రతి వస్తువుకూ ఆ సందుల్లో ఒక దుకాణం ఉన్నది. లంగరు గొలుసుల దుకాణం, వించీల దుకాణం, ఓడ వంటశాలలోని గిన్నెలమ్మే దుకాణం. మన సంస్థ నిర్వహణ విభాగానికి ఒకప్పుడు ఎక్కడా దొరకని వాల్వు ఒకటి దారూఖానాలో దొరికిందని పాతవారు చెప్పుకొంటారు. ఆ పని ఆరోగ్యానికి మంచిదని మేము అనము. కట్టర్ల ముందు కళ్లద్దాలు లేనివారిని, కాళ్లకు చెప్పులతోనే ఇనుపరేకుల మీద నడిచేవారిని చూచాము. భద్రతా విభాగంలో పనిచేసిన మా సహోద్యోగి ముఖం చూడలేకపోయాము. ఆ పనిని మెరుగుపరచవచ్చు, వేరొక అనువైన రేవుకు తరలించనూ వచ్చు. పటంలో ఒక రంగు వేసినంత మాత్రాన మాయం చేయడం మాత్రం సాధ్యం కాదు.

అక్కడే మాకు ఒక పెద్దాయన పరిచయమైనాడు. మేము మాలో మాట్లాడుకొంటున్న తెలుగు విని దగ్గరకు వచ్చాడు. మహబూబ్‌నగర్ జిల్లా వాడట. పాలమూరు కూలీలతో కలిసి కట్టడం పనులకు వచ్చిన తండ్రి వెంట పదేళ్ల వయసులో వచ్చి, పెరిగి, ముప్పై ఏళ్లు ఇనుము మోసి, ఇప్పుడు ఒక దుకాణానికి రాత్రి కాపలా కాస్తున్నాడు. ముంబాయితో తెలుగువారి అనుబంధం ఈనాటిది కాదు. కట్టడపు పనుల కోసం వచ్చిన తెలుగు కామాఠీల పేరనే ఆ నగరంలో ఒక పేట వెలసింది. మా చేతిలోని పటం చూచి ఆ పెద్దాయన, "గిదేంది సారూ?" అని అడిగాడు. చెప్పాము. పటాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూచాడు.

"మా గల్లీ యాడుంది సారూ ఇండ్ల?"

వేలు పెట్టి చూపాము. అక్కడ ఆకుపచ్చ రంగు ఉన్నది.

"పచ్చగుందంటే ఏంది?"

తోట అని చెప్పాము. ఆయన నవ్వాడు. "సముద్రం సూడనీకె తోట పెడ్తరా? మంచిగనే ఉంటది. మేం పొద్దుగాల లేస్తె సూసేదే అది." తరువాత, "తోట పెట్టినంక నేను యాడ లేస్త సారూ?" అన్నాడు.

మా నలుగురికీ కలిపి నూరేళ్లకు మించిన సర్వీసు ఉన్నది. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం మా దగ్గర లేదు. మా చేతిలోని కాగితంలోనూ లేదు. ఓడరేవు భూముల మీద ఇట్లా నివసించే కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వారి పునరావాసం గురించి ముసాయిదా వాక్యాలలో ప్రస్తావన ఉన్నది. పటం మీద మాత్రం వారికి చోటు కనబడలేదు. ఇంజనీరు పనిలో వాక్యం కన్నా పటమే బలమైనదని మనకు తెలుసు. కట్టేవాడు పటాన్నే చూస్తాడు గదా.

మరునాడు శివ్‌డీ జెట్టీకి వెళ్లాము. ఆటు వేళ, ఫిబ్రవరి నెల. కిలోమీటరు పొడవున బురద నేల, అంచున మడ అడవులు, ఆ బురదలో వేలాది ఫ్లెమింగోలు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పండుగకు పిల్లలను తీసుకొని వెళ్లిన మన నెల్లూరు మిత్రులకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. మా శ్రీమతి వెంట వచ్చింది. ఎదురుగా పంపు హౌసు, వెనుక చమురు ట్యాంకులు, పక్కన లారీల మరమ్మతు. మధ్యన ఈ పక్షులు! "ఇంత మురికిలోకి ఎందుకొస్తాయండీ?" అని ఆమె అడిగింది. ఆ బురదలో పెరిగే నాచు కోసం, సూక్ష్మజీవుల కోసం వస్తాయి. ఆ బురద ఆటుపోట్లు రెండూ సాగితేనే ఉంటుంది. నాడు జెట్టీ పక్కనే పైళ్లు దిగుతూ ఉండిన వంతెన నేడు పూర్తయింది. 2024 జనవరి 12న ప్రారంభమైన అటల్ సేతు శివ్‌డీ నుంచి న్హావా శేవా వైపునకు 21.8 కిలోమీటర్లు సాగుతుంది. తూర్పు తీరం నగరానికి పెరటివైపుగా ఉన్న రోజులు దానితో పోయాయి. అక్కడి గజం నేల విలువ వంతెన ముందు ఒకటి, వంతెన తరువాత ఒకటి.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన రెండు మాటలు చెప్పక తప్పదు. కార్యాలయాల్లో పనిచేసే మిత్రులు ఓపికతో చదువగలరు.

ఒకటి నేల. ఆ భూమిలో చాలా భాగం సముద్రాన్ని పూడ్చి చేసినది. పైన నూరేళ్లనాటి పూడిక, దాని కింద మెత్తని సముద్రపు బంకమట్టి, ఇంకా కింద నల్లరాయి. మన పాత గోదాములో నేల ఒక మూలకు జానెడు కుంగి ఉండేది. బస్తాలు దొర్లిపోకుండా కింద చెక్కలు పెట్టేవారు. అటువంటి చోట ఎత్తయిన భవనం కట్టాలంటే పైళ్లు రాతి దాకా దిగాలి. అది ఖర్చుతో కూడినదే గాని తెలిసిన పనే. తెలియనిది పై పొర సంగతి. నూరేళ్ల బొగ్గు, చమురు, ఓడల పాత రంగులోని సీసం, కోసిన ఓడల నుంచి రాలిన ఆస్బెస్టాస్ అందులో ఎంత ఉన్నదో తవ్వి పరీక్షిస్తే గాని తెలియదు. పిల్లలు ఆడే తోట వేయదలచిన చోట మొదటి పరీక్ష అదే కావాలి. మా అభిప్రాయ పత్రంలో దీనిని మొదటి పేజీలోనే రాశాము.

రెండవది వాన. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసినది. ఆనాడు మన సహోద్యోగులు కొందరు రాత్రంతా బస్సుల పైకప్పుల మీద గడిపారు. ముంబాయి వరద కాలువల మూతులు అనేకం పోటు మట్టానికి దిగువనే ఉన్నాయి. వానా పోటూ ఒకే గంటలో కలిసినప్పుడు కాలువ నీరు సముద్రంలోకి పోవడానికి బదులు సముద్రమే కాలువలోకి వస్తుంది. తీరం వెంట అందమైన నడకదారి వేస్తూ అంచును ఎత్తు చేస్తే పోటు లోపలికి రాదు, నిజమే. కానీ వెనుక పరేల్, శివ్‌డీ, వడాలా వీధుల నీరు బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. అంచును ఎత్తు చేసేటట్లయితే తలుపులు, పంపులు, వాన ఆగేదాకా నీరు నిలువ ఉండే తావు, మూడూ అదే పటంలో, అదే కొలతలో ఉండాలి. సముద్ర మట్టం క్రమంగా పెరుగుతున్న ఈ కాలంలో నూరేళ్ల కోసం కట్టే గట్టుకు నేటి పోటు మట్టాన్నే ప్రమాణంగా తీసుకోవడం తగదు. బురద నేలను, మడ అడవులను నీరు నిలిచే తావులుగా లెక్కించితే ఫ్లెమింగోలకూ మేలే.

భూమి ఎవరికి దక్కాలన్న ప్రశ్న ఇంజనీర్లది కాదని మాలో ఒకరు అన్నారు. మేము ఒప్పుకోలేదు. ముంబాయిలో దీనికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉన్నది. 1982 సమ్మె తరువాత బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటిలో కొన్ని మన వంటి ప్రభుత్వరంగ సంస్థ అయిన నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌వి. తెలంగాణ నుంచి వలసవెళ్లి వర్లీ, ప్రభాదేవి ప్రాంతాల్లో స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఆ మగ్గాల మీదనే బతికాయి. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమిలో మూడోవంతు నగరపాలక సంస్థకు ఖాళీ స్థలాల కోసం, మూడోవంతు సామాన్యుల గృహాల కోసం, మిగిలినది యజమానికి రావాలి. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా నాయకత్వాన ఒక కమిటీ మిల్లు భూముల కోసం ఒక సమగ్ర ప్రణాళిక తయారుచేసింది. 2001లో నిబంధనను సవరించి, పంపకం పాత కట్టడాలు లేని ఖాళీ జాగాకు మాత్రమే వర్తిస్తుందన్నారు. మిల్లు ఆవరణంలో కట్టడాలు లేని జాగా ఎంత ఉంటుంది? వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2006లో ఆ సవరణ నిలిచింది. మూడోవంతు కాస్తా ముక్కలు ముక్కలైంది. నేడు పరేల్‌లో అద్దాల మేడల మధ్య తోట కోసం వెతికేవారికి ఈ ఒక్క సవరణ సంగతి చెబితే చాలు.

అందువల్ల ఓడరేవు భూములలో నగరవాసులకు ఎంత, అక్కడి శ్రామికులకు ఎంత అన్నది అంతస్తుల లెక్క తేలకముందే, శాతాలతో సహా, సవరణకు అందని విధంగా రాసి ఉంచాలని మేము కోరాము. ఓడరేవు పక్షాన కూడా న్యాయం లేకపోలేదు. దానికి వేలాదిమంది విశ్రాంత కార్మికుల పింఛన్ల భారం ఉన్నది. పాత లీజుల అద్దెల మీద ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచి 2004లో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లాయి. పింఛను ఎంత విలువైనదో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. భూమిలో కొంత భాగం ఆదాయం తేవలసినదే. ఏ భాగం, ఎక్కడ అన్నదే ప్రశ్న.

మేము దానికి ఒక చిన్న పట్టిక తయారుచేశాము. ఎడమవైపు, నీరు లేనిదే సాగని పనులు: చేపల రేవు, లాంచీలు, ప్రయాణికుల ఓడలు, ఓడల మరమ్మతు, చమురు జెట్టీలు. కుడివైపు, నీరు పక్కన ఉన్నా లేకున్నా సాగే పనులు: కార్యాలయాలు, దుకాణాలు, నివాస భవనాలు, సమావేశ మందిరాలు. నీటి అంచున మొదటి వరుస ఎడమవైపు వారికి, వారి మధ్య సందుల్లో నగరవాసులు నడిచే దారి, ఆ వెనుక అక్కడివారికే ఇళ్లు, అంతకు వెనుక రైలు స్టేషన్ల దగ్గర కుడివైపు వారికి చోటు ఇవ్వాలన్నాము. హార్బర్ లైను స్టేషన్లు డాక్‌యార్డ్ రోడ్డు, రే రోడ్డు, కాటన్ గ్రీన్, శివ్‌డీ ఎట్లాగూ వరుసగా ఉన్నాయి. కార్యాలయానికి వెళ్లేవానికి కావలసినది సముద్రం కాదు, స్టేషను. చేపల వాసన ఉన్న చోట నడకదారి బాగుండదని మా అధికారి ఒకరు అభ్యంతరపెట్టారు. భావూచా ధక్కా నుంచి నలుగురం తిరిగి వచ్చిన నాడు ఆయన మా గది తలుపు దగ్గరనే ఆగిపోయిన సంగతి మాకు గుర్తుంది గాని, పత్రంలో ఆ అభ్యంతరాన్నీ గౌరవంగానే చేర్చాము. ఆకుపచ్చ పటానికి పైన అదే కొలతలో మరొక పారదర్శక పటం వేసి, ఏ గజంలో ఎవరు ఏ పని చేస్తూ బతుకుతున్నారో గుర్తించాలని చివరన రాశాము. ఆ పెద్దాయన గల్లీని నమూనాగా మేమే గీసి జతపరచాము: ఇరవై మూడు ఇళ్లు, ఒక నీటి కుళాయి, రెండు ఇనుప దుకాణాలు, ఒక చిన్న గుడి.

పత్రం అందినట్లు రసీదు వచ్చింది. తరువాత మాకు బదిలీ అయింది. 2021 చట్టంతో పోర్టు ట్రస్టు ముంబాయి పోర్టు అథారిటీగా మారింది. ప్రణాళిక ఒక్కసారిగా కాక ముక్కలు ముక్కలుగా కదులుతున్నది. 2020 మార్చిలో భావూచా ధక్కా నుంచి మాండ్వాకు కార్లనూ మనుషులనూ మోసుకుపోయే రోరో ఓడ మొదలైంది. 2025 సెప్టెంబరులో ఇందిరా డాక్ దగ్గర కొత్త క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అదే డాక్‌లో 1914నాటి హ్యూస్ డ్రై డాక్‌లో ఓడల మరమ్మతును మన సోదర సంస్థ కొచ్చిన్ షిప్‌యార్డ్ 2019లో చేపట్టింది. మా పట్టికలోని ఎడమవైపు పనులు మూడింటికి నీటి అంచున చోటు దక్కిందన్నమాట. ఇందులో మా పత్రం ప్రమేయం ఉన్నదని మేము చెప్పుకోము. నూట పదేళ్ల నాటి రాతికట్టడం ఇంకా ఓడను మోస్తున్నదంటే, దానిని కట్టినవారికి ఒక నమస్కారం చేయాలనిపిస్తుంది. గల్లీల సంగతి మాత్రం ఇంకా తేలవలసే ఉన్నది.

ఈసారి ఎల్‌.టి.సి. మీద ముంబాయి వెళ్లే మన కుటుంబాలకు ఒక సలహా. గేట్‌వే దగ్గర ఫోటో దిగిన తరువాత భావూచా ధక్కాకు వెళ్లి మాండ్వా రోరో ఓడ ఎక్కండి. ప్రయాణం గంటసేపు. పై అంతస్తులో కుడివైపు నిలబడితే ఇందిరా డాక్, బల్లార్డ్ పియర్, నౌకాదళ డాక్‌యార్డ్, గేట్‌వే ఒకదాని తరువాత ఒకటి దాటిపోతాయి. ఎడమవైపు చమురు ఓడలు నిలిచే జవహర్ ద్వీపం, దాని వెనుక ఎలిఫెంటా కొండలు. పిల్లలకు ఏది పూడ్చిన నేలో, ఏది అసలు దీవియో చూపించండి. ఓడ గట్టు వదిలే ముందు వెనుదిరిగి చూస్తే ధక్కా మీద చేపల బుట్టలు గాలిలో ఎగరడం కనిపిస్తుంది. అది చూడాలంటే మాత్రం ఉదయం మొదటి ఓడకే వెళ్లాలి.